ఖాతాల పట్టిక ఎలా వచ్చింది? చిన్న వ్యాపారి లెక్కల వెనుక ఉన్న చరిత్ర

గత పాఠాల్లో మీరు చిట్టాపద్దులు రాయడం, వాటిని ఆవర్జాలో నమోదు చేయడం, అంకణా తయారు చేయడం నేర్చుకున్నారు. ఆ లెక్కలన్నిటిలో మీకు ఒక సౌకర్యం ఉంది. ఏ ఖాతాలు తెరవాలో లెక్కలోనే చెప్పి ఉంటుంది. ‘అద్దె చెల్లించింది రూ. 2,000’ అంటే అద్దె ఖాతా, నగదు ఖాతా. నిజమైన దుకాణంలో ఈ సౌకర్యం దొరకదు. వ్యాపారం మొదలుపెట్టిన రోజున పుస్తకం ఖాళీగా ఉంటుంది. అందులో ఏయే ఖాతాలు ఉండాలి, ఏవి అక్కర్లేదు, కరెంటు బిల్లుకు వేరే ఖాతా కావాలా లేక దుకాణం ఖర్చుల్లో కలిపేయాలా అన్నది ఎవరో ఒకరు ముందే తేల్చుకోవాలి. అలా ముందుగా నిర్ణయించి ఒక వరసలో పెట్టుకున్న ఖాతాల జాబితాను ‘ఖాతాల పట్టిక’ అంటాం. ఆఫీసుల్లో, ఆడిటర్ల దగ్గర ‘చార్ట్ ఆఫ్ అకౌంట్స్’ అన్న మాటే వినిపిస్తుంది.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా దీనికి ఒక పేరా కేటాయించి ముందుకు వెళ్లిపోతాయి. నేను కొంచెం ఎక్కువసేపు ఆగదలచుకున్నాను. దానికి కారణం నా సొంతది.

మా నాన్నగారు గుంటూరులో ఒక మిర్చి కమీషన్ దుకాణంలో చాలా ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. ఎర్ర గుడ్డ అట్టలు వేసిన పొడుగాటి పుస్తకాలు, ప్రతి రైతుకూ ఒక పుట. ఫలానా ఊరి ఫలానా రైతు ఎంత బాకీ అని అడిగితే నిమిషంలో పైసలతో సహా చెప్పేవారు. 1970ల చివర్లో ఆ దుకాణం మూతపడింది. మూయడానికి కొద్దిరోజుల ముందు యజమాని ఆయన్ను కూర్చోబెట్టుకుని, “ఏమయ్యా, యాపారం బానే సాగుతుంది గదా, మరి డబ్బంతా ఎటు పోతున్నట్టు?” అని అడిగాడట. నాన్నగారు ఆ రాత్రంతా పుటలు తిప్పారు. జవాబు చెప్పలేకపోయారు. కమీషన్, రైతులకిచ్చిన అడ్వాన్సుల మీద వడ్డీ, గోతాల అమ్మకం, గుమాస్తాల జీతాలు, ఆఖరికి యజమాని గారి అమ్మాయి పెళ్లి ఖర్చు కూడా ‘దుకాణం ఖాతా’ అనే ఒకే పుటలో ఉన్నాయి. పుస్తకాల్లో ఒక్క పద్దు కూడా తప్పు లేదు. కూడికలు సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ ప్రశ్నకు చోటు లేదు.

తర్వాత నేను ఎం.కాం. చదివే రోజుల్లో ఆ పాత పుస్తకాల్లో ఒక సంవత్సరాన్ని తీసుకుని ఖాతాలుగా విడదీసి చూశాను. కమీషన్‌లో లాభం ఉంది. నష్టమంతా అడ్వాన్సుల్లో, అంటే తిరిగి రాని అప్పుల్లో ఉంది. ఆ దుకాణానికి తెలిసినది ‘ఎవరు ఎంత ఇవ్వాలి’ అన్నది మాత్రమే. ‘దేనిలో ఎంత మిగులుతోంది’ అన్నది దానికి తెలియదు. ఖాతాల పట్టిక చరిత్రను నేను ఈ రెండు ప్రశ్నల మధ్య ప్రయాణంగా చూస్తాను. మూడో ప్రశ్న ఒకటి తర్వాత వచ్చి చేరుతుంది. అది ప్రభుత్వం అడిగేది.

మనుషుల పేర్ల నుంచి వస్తువుల పేర్లకు

జమా, ఖర్చు, బాకీ, ఆవర్జా వంటి మాటలు అరబిక్, పారశీక భాషల నుంచి రెవిన్యూ పాలన ద్వారా తెలుగులోకి వచ్చాయి. పన్ను వసూలు చేసేవాడికి కావలసింది ఎవరి దగ్గర ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది అన్నదే. వడ్డీ వ్యాపారికి కావలసిందీ అదే. అందువల్ల మన దగ్గరే కాదు, ఇటలీలో కూడా పాత వ్యాపార పుస్తకాల్లో ముందుగా కనిపించేవి వ్యక్తిగత ఖాతాలు. మీరు కంఠస్థం చేసే వ్యక్తిగత, వాస్తవిక, నామమాత్రపు ఖాతాల విభజనలో వ్యక్తిగత ఖాతా మొదట రావడం చరిత్ర క్రమానికి కూడా దాదాపుగా సరిపోతుంది.

దక్షిణ ఫ్రాన్సులోని సలోన్ అనే ఊళ్లో వ్యాపారం చేసిన ఫ్లోరెన్సు వర్తకుల ఆవర్జా ఒకటి, 1299-1300 నాటిది, కొంత భాగం మిగిలి ఉంది. ఫరోల్ఫి కంపెనీ ఆవర్జాగా దాన్ని పిలుస్తారు. జంటపద్దు విధానానికి దొరికిన తొలి ఆనవాళ్లలో ఇది ఒకటి. అందులో అప్పులు, బాకీలతో పాటు ఖర్చుల ఖాతాలు కూడా ఉన్నాయి. ముఖ్యంగా ఒక పద్దు చూడదగినది. వాళ్లు నాలుగేళ్ల ఇంటి అద్దె ముందే కట్టారు. కానీ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపలేదు. ఒక ఏడాది వాటానే ఖర్చులో వేసి, మిగిలినదాన్ని ముందుకు తీసుకుపోయారు. సర్దుబాట్ల పాఠంలో ‘ముందుగా చెల్లించిన అద్దె’ అని మీరు రాసేది ఏడువందల ఏళ్ల కిందటి గుమాస్తా రాసినదే.

1340 నాటి జెనోవా నగరపాలక సంస్థ ఆవర్జాలో మిరియాలకు ఒక విడి ఖాతా ఉంది. నగరం మిరియాలు కొని అమ్మింది, నష్టపోయింది. ఆ నష్టం ఆ ఖాతాలోనే తేలింది. మిరియాలు ఆ కాలంలో ఐరోపాకు ప్రధానంగా మన మలబారు తీరం నుంచే వెళ్లేవి కాబట్టి ఆ పుటను చూసినప్పుడల్లా నాకు కొంచెం దగ్గరితనం అనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఇక్కడ ఖాతా పేరు మనిషిది కాదు, సరుకుది. ‘మిరియాల్లో ఏమైంది?’ అని ఎవరో ముందే అడిగారు కాబట్టి జవాబు దొరికింది.

1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పచోలీ గణిత గ్రంథం గురించి మీరు మొదటి పాఠంలోనే చదివారు. ఆయన జంటపద్దును కనిపెట్టలేదు. అప్పటికే వెనిస్ వర్తకులు చేస్తున్నదాన్ని వివరించాడు. ముందుగా ఉన్న ఆస్తులన్నిటి జాబితా రాసుకోమన్నాడు. నగదు, మూలధనం, ప్రతి రకం సరుకు, వ్యాపార ఖర్చులు, ఇంటి ఖర్చులు, లాభనష్టాలు, ఇలా ఏయే ఖాతాలు తెరవాలో ఒక్కొక్కటిగా చెప్పాడు. ఆవర్జాకు అక్షరక్రమంలో ఒక సూచిక కూడా పెట్టుకోమన్నాడు. ఖాతాల పట్టికకు అది పూర్వరూపం అనుకోవచ్చు. ఇంటి ఖర్చులకు విడి ఖాతా ఉందని సంతోషించే ముందు ఒక తేడా గమనించాలి. ఆ ఖాతాను ఆయన చివరకు లాభనష్టాల ఖాతాలోకే మళ్లించాడు. కుటుంబమూ వ్యాపారమూ వేరు వేరు అన్న భావన అప్పటికి పూర్తిగా ఏర్పడలేదు. ఇవాళ మనం దాన్ని సొంతవాడకాలుగా చూపి మూలధనం నుంచి తీసివేస్తాం. అయినా విడిగా రాసి ఉంది కాబట్టి వెనిస్ వర్తకుడికి తన ఇల్లు ఎంత తింటోందో తెలిసేది. గుంటూరు దుకాణంలో అది తెలియలేదు.

కుండల ఫ్యాక్టరీలో ఒక ఆగస్టు

సరుకు కొని అమ్మే వ్యాపారికి సరుకు పేరుతో ఖాతా చాలు. తయారుచేసి అమ్మేవాడికి అది చాలదు. ఈ విషయాన్ని కష్టకాలంలో గుర్తించినవాడు జొసయా వెడ్జ్‌వుడ్. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ‘ఎట్రూరియా’ అనే పేరుతో మట్టిపాత్రల ఫ్యాక్టరీ నడిపాడు. రాజకుటుంబాలకు అలంకరణ కూజాలు అమ్మేంత పేరున్నవాడు. 1772లో బ్రిటన్‌లో బ్యాంకులు దెబ్బతిని అప్పు పుట్టని పరిస్థితి వచ్చింది. కూజాలు అమ్ముడుపోక నిల్వలు పేరుకున్నాయి. అమ్మకాలు బాగున్న రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్నను వెడ్జ్‌వుడ్ అప్పుడు అడిగాడు: ఒక్కో కూజా తయారీకి నిజంగా ఎంత ఖర్చవుతోంది?

పుస్తకాలు ముందేసుకుని ఖర్చులన్నిటినీ శీర్షికల కింద విడదీశాడు. మట్టి, కూలి, బొగ్గు, అచ్చులు, నమూనాలు, అద్దె, పరికరాల అరుగుదల, గోదాము ఖర్చులు, గుమాస్తా జీతం. ఆ ఆగస్టులో తన భాగస్వామి థామస్ బెంట్లీకి ఈ లెక్కలు రాసి పంపాడు. విడదీయగానే ఒక సంగతి బయటపడింది. కొన్ని ఖర్చులు కూజాల సంఖ్యతో పాటు పెరుగుతున్నాయి. అచ్చులు, అద్దె, గుమాస్తా జీతం వంటివి మాత్రం ఎక్కువ చేసినా తక్కువ చేసినా గడియారంలా అవే నడుస్తున్నాయి. ఈనాడు మనం స్థిర వ్యయాలు, చర వ్యయాలు అంటున్నది ఇదే.

దీని ఫలితం మీకు తెలిసిన ఒక టిఫిన్ సెంటర్‌లో పెట్టి చూడండి. నెలకు అద్దె రూ. 12,000. నెలకు 6,000 ప్లేట్లు అమ్మితే ప్లేటు మీద అద్దె భారం రెండు రూపాయలు. 12,000 ప్లేట్లు అమ్మితే ఒక రూపాయి. అంటే కొంచెం ధర తగ్గించి ఎక్కువ అమ్మడం నష్టమేమీ కాకపోవచ్చు. వెడ్జ్‌వుడ్ సరిగ్గా ఈ దారినే ఆలోచించాడు. గొప్పవాళ్లు కొనగా మిగిలిన కూజాలను తక్కువ ధరకు మధ్యతరగతి ఇళ్లకు అమ్మవచ్చని నిర్ణయించాడు. ఇంకొకటి కూడా బయటపడింది. ఖర్చులను విడదీసి సరిచూస్తుంటే ప్రధాన గుమాస్తా డబ్బు కాజేస్తున్నాడని తేలింది. కలగాపులగంగా ఉన్న ఖాతాలో దొంగతనం కూడా కలిసిపోతుంది. పరీక్షల్లో ఖాతాల పట్టిక ఉపయోగాలు అడిగితే మీలో చాలామంది ‘మోసాలను అరికడుతుంది’ అని ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యం వెనక ఇలాంటి ఉదంతాలు ఉన్నాయి.

ప్రభుత్వం ఖాతాల పేర్లు పెట్టిన కాలం

ఇంతవరకు ఖాతాల పేర్లు పెట్టుకున్నది వ్యాపారి. రైళ్లు వచ్చాక పరిస్థితి మారింది. వేలమంది వాటాదారుల డబ్బు, లక్షలమంది ప్రయాణికుల ఛార్జీలు. అరిగిన పట్టా తీసి కొత్తది వేస్తే అది మరమ్మతు ఖర్చా, కొత్త ఆస్తా? మరమ్మతు అంటే లాభం తగ్గుతుంది, ఆస్తి అంటే పెరుగుతుంది. ఎవరికి ఇష్టమైనట్టు వాళ్లు రాసుకుంటే ఛార్జీలు న్యాయమో కాదో ఎలా తేలుతుంది? బ్రిటన్ 1868లో రైల్వే కంపెనీల లెక్కలకు చట్టం ద్వారా ఒక నమూనా నిర్దేశించింది. అమెరికాలో 1906 నాటి హెప్‌బర్న్ చట్టం రైల్వేల లెక్కల విధానాన్ని నిర్ణయించే అధికారాన్ని అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌కు ఇచ్చింది. 1907 నుంచి ఖాతాల వర్గీకరణ కంపెనీలన్నిటికీ ఒకటే అయింది. పెట్టుబడి వ్యయం, రాబడి వ్యయం పాఠం మీకు పొడిగా అనిపిస్తే ఈ రైలు పట్టాను గుర్తు చేసుకోండి.

ఖాతాలకు అంకెలు పెట్టి శాస్త్రీయంగా వరసలో నిలిపిన పేరు మాత్రం ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్‌ది. జర్మనీలోని కొలోన్‌లో ఆచార్యుడు. 1927లో ‘ఖాతాల చట్రం’ అన్న అర్థం వచ్చే శీర్షికతో పుస్తకం ప్రచురించాడు. ఖాతాలన్నిటినీ 0 నుంచి 9 వరకు పది తరగతులుగా విభజించాడు. గ్రంథాలయంలో పుస్తకాల మీద చూసే దశాంశ సంఖ్యల్లాగే మొదటి అంకె తరగతిని, తర్వాతి అంకెలు ఉపవిభాగాలను చెబుతాయి. వ్యాపారానికి నేరుగా సంబంధం లేని ఖర్చులకు విడిగా ఒక తరగతి పెట్టాడు. అవి తయారీ ఖర్చుల్లో కలిస్తే ఒక ఫ్యాక్టరీని ఇంకొక ఫ్యాక్టరీతో, ఈ ఏటిని పోయిన ఏటితో పోల్చడం కుదరదు. ఆయనకు కావలసింది ఆ పోలిక.

ఆ పోలికే మరొకరి చేతిలో వేరే పనికి వచ్చింది. 1937లో నాజీ ప్రభుత్వం ఆ ఆలోచన ఆధారంగా తయారైన ఖాతాల చట్రాన్ని ఉత్తర్వు ద్వారా పరిశ్రమల మీద తప్పనిసరి చేసింది. ధరలను అదుపులో పెట్టడానికి, యుద్ధానికి సిద్ధమవుతున్న ఆర్థిక వ్యవస్థను నడపడానికి ప్రతి ఫ్యాక్టరీ లోపలి లెక్క ఒకే రూపంలో కనబడటం దానికి అవసరం. ఆ నాటికి ష్మాలెన్‌బాఖ్ విశ్వవిద్యాలయంలో లేడు. ఆయన భార్య యూదు జాతీయురాలు. 1933లోనే పదవి వదులుకున్నాడు. యుద్ధం చివరి రోజుల్లో భార్యాభర్తలు దాక్కుని ప్రాణాలు కాపాడుకున్నారు. గణకశాస్త్రం రాజకీయాలకు దూరమైన విషయమని మా తరం అధ్యాపకులు తరగతిలో తరచూ చెప్పేవాళ్లం. ఈ ఉదంతం తెలిశాక నేను ఆ మాట చెప్పడం మానేశాను.

జర్మన్ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో 1942లో ఇలాంటి పట్టికే ఒకటి తయారైంది. యుద్ధం ముగిశాక ఫ్రెంచివారు తమ సొంత జాతీయ ఖాతాల ప్రణాళికను 1947లో తెచ్చారు. 1957లో, 1982లో సవరించారు. అక్కడ 1వ తరగతి మూలధనం, 2 స్థిరాస్తులు, 3 సరుకు నిల్వలు, 4 ఇచ్చిపుచ్చుకోవాల్సినవాళ్లు, 5 నగదు, బ్యాంకు, 6 ఖర్చులు, 7 ఆదాయాలు. మార్సేలో రొట్టెల దుకాణమైనా, లియోన్‌లో పెద్ద ఫ్యాక్టరీ అయినా ఖాతాదారుల బాకీలు 411లోనే ఉంటాయి, సరుకు అమ్మకాలు 707లోనే ఉంటాయి. కొత్త గుమాస్తా ఏ దుకాణానికి వెళ్లినా మొదటి రోజే పుస్తకం చదవగలడు. చిన్న వ్యాపారికి ఇది పెద్ద మేలని నా అభిప్రాయం. అయితే తన వ్యాపారానికి ప్రత్యేకమైన ప్రశ్న ఏమిటో ఆలోచించే అలవాటు అక్కడ తగ్గే ప్రమాదం కూడా ఉంది.

మన దేశంలో

భారతదేశం ఈ విషయంలో బ్రిటిషు బాట పట్టింది. 1956 కంపెనీల చట్టంలోని 6వ షెడ్యూలు, ఇప్పటి 2013 చట్టంలోని 3వ షెడ్యూలు ఆస్తి-అప్పుల పట్టీ, లాభనష్టాల నివేదిక ఏ రూపంలో ఉండాలో చెబుతాయి. ఆవర్జాలో ఏయే ఖాతాలు తెరవాలో చెప్పవు. ఇక కంపెనీ కాని కిరాణా దుకాణానికి, బట్టల కొట్టుకు ఆ షెడ్యూలు కూడా వర్తించదు. ప్రభుత్వ లెక్కల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ట్రెజరీ చలానాల మీద మీరు చూసే పద్దు సంఖ్యలు ఆరు అంచెల, పదిహేను అంకెల పట్టికలోవి. మొదటి నాలుగు అంకెలు ప్రధాన పద్దు. సాధారణ విద్య మీద రాబడి వ్యయం 2202, విద్యకు సంబంధించిన పెట్టుబడి వ్యయం 4202. మొదటి అంకె చూస్తేనే ఖర్చు స్వభావం తెలుస్తుంది.

చిన్న వ్యాపారికి ఖాతాల పట్టిక ఇచ్చింది చట్టం కాదు, సాఫ్ట్‌వేర్. 1986లో మొదలైన టాలీ సంస్థ ప్రోగ్రాంలో 28 గ్రూపులు ముందే సిద్ధంగా ఉంటాయి. వాటిలో 15 ప్రాథమికం, 13 ఉపగ్రూపులు. ఎన్నో దుకాణాలకు తొలి వర్గీకరణ అలా వచ్చింది. కానీ గ్రూపులు ఇచ్చినంత మాత్రాన ప్రశ్న ఇచ్చినట్టు కాదు. ‘ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్’ కింద ‘ఇతర ఖర్చులు’ అని ఒక ఖాతా తెరిచి సగం ఖర్చులు అందులో పోసిన పుస్తకాలు నేను చాలా చూశాను. ఎర్ర అట్ట పోయి కంప్యూటర్ వచ్చింది, ‘దుకాణం ఖాతా’ పేరు మార్చుకుంది.

2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చినప్పుడు ప్రభుత్వ ప్రశ్న చిన్న దుకాణం దాకా వచ్చింది. కేంద్ర, రాష్ట్ర, సమీకృత పన్నులకు వేరు వేరు ఖాతాలు. వసూలు చేసినది ఒకవైపు, కొనుగోళ్ల మీద కట్టినది ఇంకొకవైపు. ఇక్కడ విద్యార్థులు తరచూ చేసే పొరపాటు, వసూలైన పన్నును అమ్మకాల్లో కలపడం. అది దుకాణం ఆదాయం కాదు. ప్రభుత్వానికి ఇవ్వాల్సిన బాకీ.

ఆ దుకాణానికే ఒక పట్టిక

ఇప్పుడు మళ్లీ గుంటూరు దుకాణానికి వద్దాం. దానికి ఇవాళ పట్టిక రాయమంటే నేను ఇలా రాస్తాను. ఆస్తులకు 1000 వరస: 1010 నగదు, 1020 బ్యాంకు, 1100 ఖరీదుదారుల బాకీలు, 1150 రైతులకిచ్చిన అడ్వాన్సులు, 1200 గోతాల నిల్వ, 1300 కాటా, ఫర్నిచర్. రైతుల పుటలు ఎక్కడికీ పోవు. అవి 1150 కింద విడి పుస్తకంలో ఉంటాయి, వాటి మొత్తం ఈ ఒక్క ఖాతాలో కనబడుతుంది. అప్పులకు 2000: 2010 రైతులకు చెల్లించాల్సిన పట్టీ సొమ్ము, 2050 హమాలీ, కాటా కూలి, 2100 బ్యాంకు అప్పు. హమాలీ ఖర్చుల్లో కదా ఉండాలి అని మీకు సందేహం రావచ్చు. రైతు పట్టీలో కోసి కూలీలకు అందించే సొమ్ము అది. జీఎస్టీ లాగే దుకాణం గుండా వెళ్లిపోయేదే తప్ప దుకాణం ఖర్చు కాదు. మూలధనానికి 3010, సొంతవాడకాలకు 3020. పెళ్లి ఖర్చు అక్కడికి వెళ్తుంది.

ఆదాయాలు 4000: 4010 కమీషన్, 4020 అడ్వాన్సుల మీద వడ్డీ, 4030 గోతాల అమ్మకం. ఖర్చులు 5000: 5010 జీతాలు, 5020 అద్దె, 5030 రాని బాకీలు, 5040 బ్యాంకు వడ్డీ, 5050 గోతాల కొనుగోలు. సంఖ్యల మధ్య ఖాళీలు వదిలింది కావాలనే. రేపు కోల్డ్ స్టోరేజీ అద్దె కొత్తగా వస్తే వరస చెడకుండా 5025 ఇవ్వవచ్చు. మొత్తం ఇరవై ఖాతాలు కూడా లేవు. చిన్న వ్యాపారానికి నూట యాభై ఖాతాల పట్టిక ఇచ్చే ఆడిటర్లు ఉన్నారు. ఏ ఖాతాలో వేయాలో తెలియక గుమాస్తా మళ్లీ ‘ఇతర ఖర్చులు’ వెతుక్కుంటాడు. ఈ పట్టికలో కీలకం 4020 నుంచి 5030, 5040 తీసివేసి చూడటం. అడ్వాన్సుల వ్యాపారం తింటోందో పెడుతోందో ఏడాది చివర ఆ మూడు అంకెలు చెబుతాయి.

ఎం.కాం. రోజుల్లో ఇలాంటి పట్టికే ఒకటి, ఇంకా ముతకగా, కాగితం మీద రాసి మా నాన్నగారికి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో గీత మీదా ఆగుతూ చదివారు. వడ్డీ దగ్గర వేలు ఆగింది.

“బాగుందిరా. కానీ వడ్డీని వేరే ఖాతాలో రాయడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఎంతొస్తుందో నాక్కూడా తెలియకూడదనే కదా, అంతా దుకాణం ఖాతాలో వెయ్యమనేవాడు” అన్నారు.